మీ పేరు మీద ఉన్న సిమ్, మీ ఇంటి వైఫై: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫోను, ఇంటర్నెట్ వాడకంలో నియమాల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒక్కటే. కనెక్షన్ మా పేరు మీద ఉంది, వాడింది ఇంకొకరు. ఏదైనా జరిగితే ఎవరిని పట్టుకుంటారు? ముందు పేరున్నవాళ్లనే అడుగుతారు. కాబట్టి ఈసారి ఆ ఉత్తరాలకే చోటిచ్చాం.

మన పేరు మీదున్న నంబర్లు చూపించే ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో చూస్తే నా పేరు మీద ఏడు నంబర్లు ఉన్నాయి. నాకు తెలిసినవి నాలుగే. మిగతా మూడూ తీసేయించాలా? వాటితో ఎవరైనా తప్పుడు పని చేస్తే నా మీదికి వస్తుందా?
ఓ గృహిణి, తెనాలి

తీసేయించాలి, కానీ ఈ రోజే మూడింటికీ టిక్ పెట్టేయకండి. ఆ జాబితాలో నంబరు మొత్తం కనబడదు, మధ్య అంకెలు దాచి ఉంచుతారు. ముందు ఒక కాగితం మీద మీ ఇంట్లో తిరుగుతున్న నంబర్లన్నీ రాసుకోండి. అత్తగారి బటన్ ఫోన్, పిల్లల ట్యాబ్‌లో వేసిన సిమ్, ఎప్పుడో కొని మూలన పడేసిన డాంగిల్, ఏదీ వదలొద్దు. మీ ఆధార్ మీద అత్తగారికి తీసిన సిమ్ కూడా మీ పేరు మీదే ఉంటుంది. దాన్ని పొరపాటున తీసేయిస్తే ఆవిడ బ్యాంకు ఓటీపీలు, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆగిపోతాయి.

సరిచూసుకున్నాక, మీరెప్పుడూ తీసుకోని నంబరుకు ‘నాట్ మై నంబర్’ ఎంచుకోండి. తీసుకున్నారు గానీ ఇక అక్కర్లేదంటే ‘నాట్ రిక్వైర్డ్’. ఈ రెంటినీ కలిపేయకండి. మొదటిది మోసం మీద ఫిర్యాదు, రెండోది కనెక్షన్ వదులుకోవడం. రిపోర్ట్ చేయగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో సహా డైరీలో కూడా రాసుకోండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ‘నాకు తెలిసిన వెంటనే చెప్పాను’ అనడానికి మీ చేతిలో ఉండే రుజువు అదే. నంబరు అప్పటికప్పుడు ఆగిపోదు, కంపెనీ తిరిగి విచారించాకే ఆపుతుంది. కొన్ని వారాలైనా కదలకపోతే ఆధార్ తీసుకుని ఆ కంపెనీ సొంత స్టోర్‌కు వెళ్లండి, ఏజెంటు దగ్గరికి కాదు.

ఇక అవి ఎలా పుట్టుకొస్తాయన్న సంగతి. రోడ్డు పక్క గొడుగు కింద సిమ్ తీసుకునేటప్పుడు ‘సర్వర్ తీసుకోలేదమ్మా, ఇంకోసారి వేలు పెట్టండి’ అంటారు. నిజంగా సర్వర్ రాకపోవచ్చు. మొదటి ముద్రతోనే మీ సిమ్ అయిపోయి, రెండో ముద్ర ఇంకో సిమ్‌కు పోతుండవచ్చు కూడా. అందుకే వేలు పెట్టే ప్రతిసారీ స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. ఏ నంబరు, ఏ పని అన్నది చదివాకే ముద్ర వేయండి. ఇంటికొచ్చాక ఆధార్ సైట్‌లో ‘ఆథెంటికేషన్ హిస్టరీ’ చూస్తే గత ఆరు నెలల్లో మీ వేలిముద్ర ఎప్పుడెప్పుడు వాడారో కనబడుతుంది. మీ వేలిముద్రను ఎవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే లాక్ వేసి ఉండగా రేషన్ షాపులో మిషను మీ వేలు తీసుకోదు, వెళ్లే ముందు అన్‌లాక్ చేసుకోవాలి.

బాధ్యత విషయానికొస్తే, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసంతోనో మారుపేరుతోనో సిమ్ సంపాదించినవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ శిక్ష మోసం చేసినవాళ్లకు, మీకు కాదు. తెలిసి తెలిసి మీ సిమ్ ఇంకొకరి చేతికిచ్చారా, అప్పుడు మీ మాట నిలబడదు. ‘మీ పేరు మీద సిమ్ తీసివ్వండి, వెయ్యి రూపాయలిస్తాం’ అనేవాళ్లకు ఎంత దగ్గరివాళ్లయినా ఇవ్వకండి. ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 సిమ్‌లు ఉండొచ్చు. జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 6. ఇలా చూసుకునే సౌకర్యం 2021లో మొదట మన రెండు రాష్ట్రాల్లోనే మొదలైంది, అయినా ఒక్కసారి కూడా చూసుకోని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ఆరు నెలలకోసారి చూడండి.

కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. అడ్మిషన్ల సీజన్‌లో మా స్టాఫ్ మామూలు సిమ్‌ల నుంచి రోజూ వందల మంది తల్లిదండ్రులకు ఫోన్లు చేశారు. రెండు సిమ్‌లకు అవుట్‌గోయింగ్ ఆగిపోయింది. మేం మోసమేం చేయలేదు కదా?
ఓ నిర్వాహకుడు, ఒంగోలు

మోసం చేయలేదు, కానీ అడగనివాళ్లకు వ్యాపారం కోసం ఫోన్ చేశారు. అవతలివాళ్లకు అది వేధింపే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార ప్రచారానికి మామూలు పది అంకెల నంబరు వాడకూడదు. 2025 ఫిబ్రవరి సవరణ దీన్ని ఇంకా బిగించింది. పది రోజుల్లో ఐదుగురు ఫిర్యాదు చేస్తే చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ ఆపుతారు. మళ్లీ అదే జరిగితే ఏడాది పాటు అన్ని కంపెనీల్లోనూ కనెక్షన్లు పోతాయి. అందువల్ల ఆగిపోయిన సిమ్‌కు బదులు కొత్త సిమ్ తెచ్చి పని కానివ్వాలనుకోకండి.

సరైన దారి కొంచెం పొడుగే. ఏదో ఒక టెలికాం కంపెనీ డీఎల్‌టీ పోర్టల్‌లో, అంటే వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్లను నమోదు చేసే సైట్‌లో, సంస్థ పాన్, రిజిస్ట్రేషన్ పత్రాలతో ‘ప్రిన్సిపల్ ఎంటిటీ’గా, అంటే మెసేజ్ పంపే సంస్థగా, నమోదు కావాలి. తర్వాత మెసేజ్ పైన కనబడే పేరు, అంటే హెడర్, తీసుకోవాలి. ఆ పైన మెసేజ్ నమూనా, అంటే టెంప్లేట్, ఆమోదం పొందాలి. ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. ఆమోదించిన నమూనాలో పేరు, తేదీ, మొత్తం లాంటి ఖాళీలు మాత్రమే మారాలి. ‘ఫీజు గడువు’ అని ఆమోదం తీసుకుని పంపేటప్పుడు ‘ఫీజు చెల్లింపు గడువు’ అని రాస్తే ఆ మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. అందులో పెట్టే లింకును కూడా ముందే నమోదు చేయాలి. ప్రచార ఫోన్లకైతే 140తో మొదలయ్యే నంబర్లున్నాయి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఆ వందల నంబర్లు మీకెక్కడివి? ఎవరో అమ్మిన పదో తరగతి పిల్లల జాబితా అయితే, ఏ రిజిస్ట్రేషనూ దాన్ని కడగలేదు. మీ దగ్గరికొచ్చి ఫారం నింపి ‘ఫోన్ చేయండి’ అన్నవాళ్ల జాబితా చిన్నదే అయినా, పిలవాల్సింది వాళ్లనే.

ఇలాంటి ఫోన్లు అందుకునేవాళ్లకు: 1909కు, లేదా ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో, ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. కాల్ వచ్చిన నంబరు, తేదీ, ఏం చెప్పారన్నది ఒక వాక్యం ఉండాలి. మెసేజ్ అయితే హెడర్ చివర గీత తర్వాతి అక్షరం చూడండి. పి అంటే ప్రచారం, ఎస్ సర్వీసు, టి లావాదేవీ, జి ప్రభుత్వం.

పై వాటాలో అద్దెకుండే నలుగురు కుర్రాళ్లకు మా వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి తలా 150 రూపాయలు తీసుకుంటున్నాం. తప్పా?
కూకట్‌పల్లి నుంచి

తప్పే. మీరు తీసుకున్నది మీ ఇంటి వాడకానికి. డబ్బు తీసుకుని ఇంకొకరికి ఇస్తే అది అమ్మకం, దానికి లైసెన్సు కావాలి. నెట్ కంపెనీ మీకిచ్చిన ఒప్పందంలోనూ ఈ షరతు ఉంటుంది, చూడండి.

డబ్బు సంగతి అటుంచినా ఇంకో ప్రమాదముంది. మీ రూటర్ గుండా ఎంతమంది వెళ్లినా బయటికి కనబడేది మీ కనెక్షనే. వాళ్లలో ఒకరు ఎవరికైనా బెదిరింపు మెయిల్ పంపితే పోలీసులు ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య), సమయం పట్టుకుని నెట్ కంపెనీని అడుగుతారు. కంపెనీ ఇచ్చేది మీ పేరు, మీ ఇంటి నంబరు. నలుగురిలో ఎవరన్నది మామూలు రూటర్ గుర్తుపెట్టుకోదు. వాళ్లను సొంత కనెక్షన్ తీసుకోమనండి, నలుగురూ పంచుకుంటే పెద్ద ఖర్చేం కాదు.

తర్వాత ఒక పావుగంట రూటర్ దగ్గర కూర్చోండి. వెనక స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అంకెలుంటాయి, బ్రౌజర్‌లో అవి కొట్టండి. ముందు మార్చాల్సింది అడ్మిన్ పాస్‌వర్డ్. చాలా ఇళ్లలో బిగించిన రోజు పెట్టిందే ఇంకా ఉంటుంది, అది తెలిసినవాడు మీ వైఫై పాస్‌వర్డ్ చదివేయగలడు. సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉంచండి. పాస్‌వర్డ్ కొట్టకుండానే బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి. కొత్త వైఫై పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలుండాలి, ఫోన్ నంబరు పెట్టొద్దు. చుట్టాలు వస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఇచ్చి, వాళ్లు వెళ్లాక ఆపండి.

మా ఊళ్లో ఇంటి బయట సిగ్నల్ వస్తుంది, లోపల రాదు. ఆన్‌లైన్‌లో బూస్టర్ అమ్ముతున్నారు. కొనొచ్చా?
పాడేరు దగ్గరి ఓ ఉపాధ్యాయుడు

కొనొద్దు. లైసెన్సు లేకుండా బూస్టర్ అమ్మడం, ఉంచుకోవడం, బిగించడం నేరం. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కాబట్టి చట్టబద్ధమే అనుకోకండి.

కారణం ఇది. మీ ఫోన్ ఎంత గట్టిగా మాట్లాడాలో టవరే చెబుతుంది. బూస్టర్ ఆ అదుపు లేకుండా ఫోన్ మాటతో పాటు చుట్టూ ఉన్న గోలనంతా పెంచి టవర్‌కు పంపుతుంది. లోపలి యాంటెన్నా, బయటి యాంటెన్నా దగ్గరగా ఉంటే ఇంకా అన్యాయం. మైకు ముందు స్పీకరు పెడితే కీచుమన్నట్టు అదే పనిగా అరుస్తుంది. మీ ఇంట్లో నాలుగు గీతలు కనిపించినా, ఊళ్లో మిగతావాళ్ల కాల్స్ తెగిపోతాయి. కొండ ఊళ్లో 108కి ఫోన్ కలవకపోవడమంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ‘వైఫై కాలింగ్’ ఆన్ చేయండి, మామూలు నంబరుతోనే మాట్లాడవచ్చు. బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే కిటికీలో ఒక ఫోన్ ఉంచి హాట్‌స్పాట్ పెట్టి, లోపలి ఫోన్లో వైఫై కాలింగ్ ప్రయత్నించండి. సిగ్నల్ గురించి కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌ని. ఎవరో చెడ్డ పోస్టు పెడితే నన్ను అరెస్టు చేస్తారా?
హనుమకొండ నుంచి

అడ్మిన్ అయినంత మాత్రాన కాదు. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు ఆ మాటే చెప్పాయి. మీరు దాన్ని ప్రోత్సహిస్తే మాత్రం వేరే సంగతి. అడ్మిన్‌గా ఎవరి పోస్టునైనా అందరికీ కనబడకుండా తొలగించవచ్చు, ఆ వీలు వాడండి. పిల్లలకు సంబంధించిన అశ్లీల వీడియో వస్తే ‘చూడండి ఎంత దారుణమో’ అని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పంపడమే ఐటీ చట్టం 67బి కింద నేరం. గ్రూపు పేరు, పంపిన నంబరు, సమయం రాసుకుని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

అమెరికాలో ఉంటున్నాను. నా ఇండియా నంబరు అమ్మావాళ్ల ఇంట్లో బీరువాలో ఉంది. ఓటీపీల కోసం నిలుపుకోవాలంటే?
డాలస్ నుంచి

నంబరు బతికి ఉండటం వేరు, ఓటీపీ రావడం వేరు. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు అసలు వాడకపోతే తీసేయవచ్చు. మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది కోసుకుని మరో 30 రోజులు ఉంచుతారు. కానీ ప్లాన్ గడువు అయిపోతే మెసేజ్‌లు రాకపోవచ్చు. కాబట్టి ప్లాన్ వేయించండి, బీరువాలోంచి తీసి ఫోన్లో పెట్టించండి. ఓటీపీని ఫోన్లో చదివి చెప్పే అలవాటు మాత్రం అమ్మగారికి చేయకండి. మీ గొంతుతో ఇంకెవరైనా అడిగినా ఆవిడ చెప్పేస్తారు. ప్రవాస భారతీయులకుండే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు అమెరికా నంబరుతోనే యూపీఐ ఇవ్వడానికి 2023 నుంచి అనుమతి ఉంది, మీ బ్యాంకు ఇస్తోందేమో అడగండి. నంబరు వదిలేయాలనుకుంటే ముందు బ్యాంకు, ఆధార్, పాన్, డిజీలాకర్ అన్నింట్లో మార్చి, వాట్సాప్ ఖాతా తొలగించి, ఆ తర్వాతే వదలండి. ఆ నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళ్తుంది.