చేత్తో ఊదిన గాజు బుడగలతో పండుగ చెట్టు

ప్రశ్న: మేం అయిదుగురు స్నేహితులం, రెండేళ్లుగా గాజు ఊదడం నేర్చుకుంటున్నాం. ఈ క్రిస్మస్‌కి 60 రంగు బుడగలు చేసి పెద్ద చెట్టుకు వేలాడదీసి, పండుగయ్యాక వేలం వేసి, ఆ డబ్బంతా పిల్లల ఆసుపత్రికి ఇవ్వాలనుకున్నాం. 12 తయారయ్యాయి. రెండు రోజులకే వాటిలో 3, ఎవరూ ముట్టుకోకుండానే అల్మారాలో టప్పున పగిలిపోయాయి. కొన్నవాళ్లింట్లో ఇలా జరిగితే? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అవి మీ అల్మారాలోనే పగలడం నయమైంది. ముక్కలు పారేయలేదు కదా? పగులు ఎక్కడ మొదలైందో చూడండి. కొక్కెం మొదట్లో మొదలైతే చల్లార్చడంలో లోపం ఉందన్నమాట: బుడగ గోడ పల్చన కాబట్టి త్వరగా గట్టిపడుతుంది, కొక్కెం కోసం పైన అతికించిన గాజు ముద్ద మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది, చివరికి రెండూ ఒకదాన్నొకటి లాగుతూ ఉండిపోతాయి. పగులు రంగు గీత వెంబడే పోయి ఉంటే మాత్రం రంగు గాజుకీ అసలు గాజుకీ పొసగలేదనే అనుమానించాలి. 96 వ్యాకోచ సంఖ్య (వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె) ఉన్న గాజు మీద 104 రకం రంగు వేస్తే ఎంత జాగ్రత్తగా చల్లార్చినా నిలవదు.

మిగిలిన 9 బుడగల్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెరని పూర్తిగా తెల్లగా పెట్టి, పోలరైజ్డ్ చలువ అద్దాన్ని కంటి ముందు మెల్లగా తిప్పండి, ఒక చోట తెర నల్లబడుతుంది. అద్దాన్ని అలాగే ఉంచి బుడగని మధ్యలో పట్టండి. కొక్కెం చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తే గాజులో ఒత్తిడి మిగిలి ఉన్నట్టే, ఆ మెరుపు ఎంత గట్టిగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ. (వెలుతురు దాటని రంగుల్లో ఇది తెలియదు.) అలాంటివాటిని చల్లార్చే కొలిమి ఇంకా చల్లగా ఉండగానే అందులో పెట్టి మెల్లగా వేడెక్కించి, మామూలు మెత్తని (తక్కువ వేడికే మెత్తబడే) గాజైతే సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాసేపు నిలిపి, మళ్లీ నిదానంగా దించండి. కచ్చితమైన అంకె మీ గాజు అమ్మినవాళ్లనే అడగండి. రంగు పొసగని బుడగ మాత్రం ఇలా బాగుపడదు, దాన్ని వేలానికి పెట్టకండి.

ఇక బరువు సంగతి. జర్మనీలోని లౌషాలో 19వ శతాబ్దం నుంచి క్రిస్మస్ బుడగలు ఊదుతున్నారు, గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబరిచి ఊదుతారు కాబట్టి అవి చాలా తేలిక. మీరు కరిగిన గాజుని కొలిమిలోంచి తీసి ఊదుతుంటే మీవి అంతకంటే బరువుగానే వస్తాయి, అందుకే ఒక్కొక్కటీ తూకం వేసి, బరువైనవాటిని మాను దగ్గరగా, కొమ్మ మొదట్లో కట్టండి. నైలాన్ దారం సాగుతుంది, ముడి జారుతుంది, సన్నని స్టీలు తీగ మేలు. గాలికి ఊగినా ఒకదానికొకటి తగలనంత ఎడం ఉంచండి. పిల్లలు వచ్చే చోటు కాబట్టి కింది కొమ్మలకు గాజు వద్దు, అక్కడ కాగితం నక్షత్రాలు చాలు. దీపాలు ఎల్‌ఈడీవే పెట్టండి.

60 అన్న లెక్క పట్టుకుని తొందరపడకండి. పరీక్షలో నెగ్గిన 35 బుడగలున్నా చెట్టు నిండుగానే కనిపిస్తుంది. ఆసుపత్రివాళ్లతో ముందే మాట్లాడి, డబ్బు ఎవరి చేతికి, ఎప్పుడు, ఎలా చేరుతుందో ప్రతి బుడగతోపాటు ఇచ్చే కార్డు మీద రాయండి. కొనేవాళ్లు మొదట అడిగేది అదే.