మోకాలి వెనుక ధమనిలో తిత్తి: మాధవికి పెదనాన్న లేఖ

చి. మాధవికి ఆశీస్సులు.

సిస్టిక్ అడ్వెంటీషియల్ డిసీజ్, అంటే ధమని బయటి పొరలో తిత్తి పెరిగే జబ్బు, ఉన్న రోగికి వచ్చే వారం నువ్వే ముఖ్య సర్జనువై ఆపరేషన్ చేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో అంత కంగారూ పడ్డాను. 1947లో అట్కిన్స్, కీ అనే వైద్యులు కటి భాగంలోంచి కాలికి వెళ్లే ఇలియాక్ ధమనిలో దీన్ని మొదట గుర్తించి రాశారు. 1954లో స్వీడన్‌లో మోకాలి వెనుక పాప్లిటియల్ ధమనిలో కనిపించింది, ఎక్కువగా కనిపించేదీ అక్కడే. మనలో చాలామంది సర్జన్లు ఒక్క కేసైనా చూడకుండానే రిటైరవుతారు.

పాదం పల్స్, నడిపించక ముందూ తర్వాతా చీలమండ రక్తపోటు, రక్తప్రవాహం చూసే డాప్లర్, ఎం.ఆర్.ఐ. ఇవన్నీ నీకు తెలిసినవే, వాటి గురించి రాయను.

రాయవలసింది ఒక బస్సు కండక్టరు గురించి. నలభై దాటని మనిషి, సిగరెట్టు ముట్టనివాడు, చక్కెర జబ్బు లేదు. ఉన్నట్టుండి ఒక కాలి పిక్క పట్టేయడం మొదలైంది. కాసేపు నిలబడితే తగ్గేది, నడిస్తే మళ్లీ వచ్చేది. మొదట సయాటికా, అంటే నడుము నుంచి కాలికి దిగే నరం నొప్పి అన్నారు. తర్వాత ఒకరు, వయసును బట్టి కాబోలు, పొగ తాగేవాళ్లకు రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్ వ్యాధి అని రాసి, పొగ తాగనివాడికి పొగ మానమని చెప్పి పంపారు. చివరికి ఒక ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ తీసి, ధమని ఒక పక్క నుంచి కొడవలి వంపులా నొక్కుకుపోయి కనిపిస్తున్నా, మామూలు పూడికే అనుకుని బెలూను పెట్టి స్టెంటు వేశారు. ఈ జబ్బులో ధమని లోపలి పొర నున్నగానే ఉంటుంది. జిగురు ద్రవం నిండిన తిత్తి బయటి పొరలో పెరిగి ధమనిని నొక్కుతుంది. బెలూను ఆ జిగురును పక్కకు నెడుతుందే గానీ తీసివేయలేదు, స్టెంటు వేసిన చోటేమో అడుగడుగునా వంగే మోకాలు. స్టెంటు నలిగి, రక్తం గడ్డకట్టి, చల్లబడిన పాదంతో అతను మా దగ్గరికి వచ్చినప్పుడు ధమని ముక్క తీసేసి సిర అతకడం తప్ప మార్గం లేకపోయింది. కాలు దక్కింది. కానీ మొదటి రోజునే ఎవరైనా మోకాలు బాగా మడిచి పాదం పల్స్ పట్టి చూసి ఉంటే, చాచినప్పుడు అందిన పల్స్ మడిచినప్పుడు మాయమై, తిత్తి సంగతి అప్పుడే అనుమానానికి వచ్చి ఉండేది. దాన్నే ఇషికావా గుర్తు అంటారు.

నువ్వు స్కాన్ రిపోర్టు చేతికి రాగానే రోగిని ముట్టుకోవడం మర్చిపోతావు. నొచ్చుకోకు తల్లీ, ఈ ఒక్క విషయంలో నాకు నీ మీద కోపం ఉంది. ఆ మోకాలిని నీ చేత్తో మడిచి చూడు. పాదాన్ని కిందికీ పైకీ వంచినప్పుడు పల్స్ పోతే కండరం ధమనిని నొక్కుతోందేమో ఆలోచించాలి, అది వేరే జబ్బు. సూదితో జిగురు తోడేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అది చిక్కటి పదార్థం, పూర్తిగా రాదు, వచ్చినా మళ్లీ నిండుతుంది.

ధమని తెరుచుకుని ఉంటే తిత్తిని కోసి ఖాళీ చేసి, దాని గోడను జాగ్రత్తగా తీసేయి, ధమనిని కాపాడు. మోకాలి కీలు వైపు సన్నని కాడలాంటిది కనిపిస్తే కట్టేయి. దాన్ని వదిలేస్తే జబ్బు తిరిగి వస్తుందని నా నమ్మకం. ధమని మూసుకుపోయి ఉంటేనో, గోడ చివికిపోతేనో సిర అతకాలి. రోగిని బోర్లా పడుకోబెట్టాక తొడ సిర తీయడం కష్టం కాబట్టి, ముందురోజే డాప్లర్‌తో సిరలు చూసి చర్మం మీద గుర్తు పెట్టించు. వెనుక నుంచి కోసేటప్పుడు ధమని కంటే ముందు ఎదురయ్యేది టిబియల్ నరం. రక్తప్రసరణ బాగుపడినా పాదం మొద్దుబారిపోతే ఆ రోగికి ఏం చెబుతాం? నాకు నిద్ర పట్టనివ్వని భయం అదే. కోతను తెరిచి ఉంచే రిట్రాక్టరు ఎవరు పట్టుకున్నా, ఆ నరం మీద బరువు పడకుండా నువ్వే చూసుకో.

కుట్లు వేయకముందే డాప్లర్ ప్రోబ్ పెట్టి ప్రవాహం విను. తర్వాత కూడా అతణ్ని వదిలేయకు, ఏడాది పాటైనా మధ్యమధ్య స్కాన్‌కు పిలువు. ఎం.ఆర్.ఐ. చిత్రాలు పేరు తీసేసి నాకు పంపు, ఆదివారం ఫోనులో కలిసి చూద్దాం. ఆపరేషన్ రోజు పొద్దున్నే ఏమైనా తిని వెళ్లు.

ఇట్లు,
మీ పెదనాన్న