షీఆన్‌లో మూడు రోజులు: శాకాహారులైన అమ్మానాన్నలతో వెళ్తే ఏం చూడాలి, ఏం తినాలి?

మీరు అడిగింది ఇది: సెప్టెంబరు చివర్లో చైనాలోని షీఆన్ వెళ్తున్నారు, మూడు రోజులు ఉంటారు, మీ దంపతులతో పాటు అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, పెద్దవాళ్ళిద్దరూ శాకాహారులు. మట్టి సైనికులు కాక ఇంకేం చూడాలి, వాళ్ళకి అక్కడ తిండి దొరుకుతుందా అని. మాది గుంటూరు. ఉద్యోగం మీద ఆ ఊళ్ళో రెండేళ్ళకు పైగా ఉన్నాను. మా అమ్మానాన్నల్ని పది రోజులు అక్కడ తిప్పాను కూడా. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు తిండి సంగతి, మీ టెన్షన్ అంతా దాని గురించే కాబట్టి. చైనాలో శాకాహారులకి కాస్త సులువైన ఊళ్ళలో షీఆన్ ఒకటి. అది గోధుమ పండే ప్రాంతం. అన్నం కన్నా గోధుమపిండితో చేసిన తిండే ఎక్కువ, దాని మీద మిరప నూనె, వెనిగర్. మాంసం లేకుండా కడుపు నిండా తినేవి చాలా ఉన్నాయి.

మొదటి రోజే వాళ్ళకి యోపో మియెన్ తినిపించండి. పిండిని నడుం బెల్టంత వెడల్పుగా సాగదీసి, ఉడికించి గిన్నెలో వేస్తారు. పైన ఎండుమిరప పొడి, ఉప్పు, తరిగిన ఉల్లికాడలు, వెల్లుల్లి కుప్పగా పెడతారు. పక్కన పొయ్యి మీద కాగిన నూనెని గరిటెతో తెచ్చి సరిగ్గా ఆ కుప్ప మీద పోస్తారు. చుయ్‌మని పొంగి, మిరప పొడి ముదురు ఎరుపుకి తిరుగుతుంది, వాసన వీధి దాకా వస్తుంది. మా అమ్మ ఆ కొట్టు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒరేయ్, ఇది మన తిరగమోతే కదరా" అంది. ఆ పది రోజుల్లో ఆవిడ ఆరుసార్లు అదే తింది. అక్కడి మిరపకాయకి మన గుంటూరు కాయంత ఘాటు ఉండదు, కమ్మటి వాసన ఎక్కువ. ఆ ప్రాంతం వాళ్ళకి మిరపకాయే ఒక కూర అని చైనాలో చెప్పుకుంటారు. పండుమిరపకాయ పచ్చడితో ముద్దలు కలిపే ఇంట్లో పెరిగిన మనకి అందులో వింతేమీ లేదు.

ఇదే వెడల్పు నూడుల్స్‌ని బియాంగ్‌బియాంగ్ మియెన్ అని కూడా అంటారు. ఆ బియాంగ్ అనే ఒక్క అక్షరం రాయడానికి 50కి పైగా గీతలు గీయాలి, కొట్ల బోర్డుల మీద పెద్దగా రాసి ఉంటుంది. అయితే ఆ పేరుతో అడిగితే చాలాచోట్ల మాంసం తురుము, గుడ్డు కలిపి ఇస్తారు. అందుకని యోపో అని నొక్కి చెప్పండి.

రెండోది లియాంగ్‌పీ. బియ్యప్పిండి గానీ గోధుమపిండి గానీ పల్చటి రేకుల్లా ఆవిరి మీద ఉడికించి, చల్లారాక పట్టీల్లా కోసి, మొలకలు, దోసకాయ ముక్కలు, వెనిగర్, మిరప నూనె కలిపి ఇస్తారు. చల్లగా, పుల్లగా, కారంగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చాక దీన్ని మించింది లేదు. ఊళ్ళోవాళ్ళు దీంతో పాటు రోజియామో, అంటే రొట్టె మధ్యలో కూరిన మాంసం, ఇంకా బింగ్‌ఫెంగ్ అనే నారింజ సోడా తీసుకుంటారు. మీ నాన్నగారికి రోజియామో బదులు త్సాయ్ జియామో అడగండి. అదే రొట్టెలో బంగాళాదుంప తురుము, పచ్చిమిర్చి, వేయించిన వేరుశనగ గుళ్ళు పెడతారు.

తీపి కావాలంటే షిజ బింగ్. పండిన పెర్సిమన్ (టమాటాలా కనిపించే నారింజ రంగు తీపి పండు) గుజ్జుని పిండిలో కలిపి, లోపల తీపి పూర్ణం పెట్టి నూనెలో వేయించిన చిన్న బిళ్ళలు. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే సాగుతుంది. పొద్దున్న పూట జెంగ్‌గావ్ అమ్ముతారు: జిగురు బియ్యం, ఎర్రటి ఎండు రేగుపళ్ళు, రాజ్మా గింజలు పొరలుగా వేసి పెద్ద పాత్రలో రాత్రంతా ఉడికిస్తారు. మా నాన్న పరమాన్నంలా ఉందన్నారు.

మాట ఒక్కటి నేర్చుకోండి: "వో ఛి సూ", నేను శాకాహారిని అని. "బు యావ్ రో" అంటే మాంసం వద్దు అని, కానీ అలా చెప్తే ముక్కలు తీసేసి అదే మాంసం రసంలో ఇచ్చే అవకాశం ఉంది. అందుకని పులుసులా ఉండే నూడుల్స్ జోలికి అసలు పోకండి, పొడిగా కలిపేవే తీసుకోండి. మాంసం, మాంసం రసం, పంది కొవ్వు, గుడ్డు వద్దు అని చైనీస్‌లో రాసి ఉన్న ఫోటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మీ ఇద్దరూ మాంసం తింటారు కాబట్టి యాంగ్‌రో పావ్‌మో వదలొద్దు. గట్టి రొట్టె, ఖాళీ గిన్నె మీ చేతికిస్తారు. ఆ రొట్టెని శనగ గింజంత ముక్కలుగా మీరే తుంచాలి, దానికే పావుగంట పడుతుంది. తర్వాత దాన్ని వంటవాడు తీసుకెళ్ళి మేకమాంసం పులుసులో ఉడికించి తెస్తాడు. తుంచేటప్పుడు తొందరపడి పెద్ద ముక్కలు చేస్తే పులుసు లోపలికి ఎక్కదు.

ఇవన్నీ ఎక్కడ అంటే, గంట గోపురం, డోలు గోపురం వెనక ఉన్న ముస్లిం వాడలో. డోలు గోపురం 1380లో, గంట గోపురం 1384లో కట్టినవి. రెండిటి మధ్య నడకే. డోలు గోపురం దాటగానే వచ్చే పెద్ద వీధి టూరిస్టుల కోసం, జనం తొక్కిసలాట, ధరలూ ఎక్కువ. ఒకసారి చూసి, అక్కణ్ణుంచి పడమటి వైపు సాజిన్‌చియావ్ వీధికి వెళ్ళండి. ఊళ్ళోవాళ్ళు తినేది అక్కడ. పొద్దున్నే వెళ్తే ఇంకా మంచిది. దారిలో సందులో పెద్ద మసీదు ఉంది. 742లో మొదలైందని చెబుతారు, ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువగా మింగ్ రాజుల కాలంవి. గుమ్మటాలు ఉండవు, చైనా గుడిలా చెక్క కప్పులు, ఒకదాని తర్వాత ఒకటి ప్రాంగణాలు. ప్రార్థన మందిరంలోకి బయటివాళ్ళని రానివ్వరు, కానీ ఆ చెట్ల కింద అరగంట కూర్చుంటే ఒళ్ళు నొప్పులు పోతాయి.

మట్టి సైనికుల దగ్గరికి ఒక పూర్తి రోజు పెట్టుకోండి. ఊరికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరం, లిన్‌తోంగ్ అనే చోట. 1974 మార్చిలో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ సంగతి మీకు తెలిసే ఉంటుంది. క్రీ.పూ. 210లో చనిపోయిన ఛిన్ చక్రవర్తి సమాధికి కాపలాగా పెట్టిన సైన్యం అది. అసలు సమాధిని ఇప్పటికీ తవ్వలేదు. లోపల పాదరసంతో నదులు చేశారని పాత చరిత్రలో రాసి ఉంది, ఆ మట్టిలో పాదరసం ఎక్కువగా ఉన్నట్టు పరీక్షల్లోనూ తేలింది.

అక్కడ మూడు గోతులుంటాయి. అందరూ పరుగున మొదటి గోతికే వెళ్తారు. మీరు మూడు, రెండు చూసి ఒకటికి రండి. అప్పుడు ఆ 230 మీటర్ల పొడవు హాలు చూసి పెద్దవాళ్ళు ఆశ్చర్యపోతారు. రెండో గోతిలో అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు. అతని వెనక్కి వెళ్ళి చెప్పు అడుగు చూడండి. కుట్లు చుక్కలు చుక్కలుగా చెక్కారు: మునివేళ్ళ దగ్గర, మడమ దగ్గర ఒత్తుగా, మధ్యలో ఎడంగా. భూమిలో పాతిపెట్టబోయే బొమ్మ చెప్పు అడుగున కూడా అంత శ్రద్ధ పెట్టారు. నేను ఎవర్ని తీసుకెళ్ళినా ముందు అదే చూపించేవాణ్ణి. కంచు రథాలు ఇప్పుడు చక్రవర్తి సమాధి తోట వైపు వేరే మ్యూజియంలో ఉన్నాయి. టికెట్ ఒకటే, మధ్యలో బస్సు తిరుగుతుంది. వదిలేసి రాకండి.

ఒక జాగ్రత్త. మొదటిసారి అమ్మానాన్నలతో కారు మాట్లాడుకుని వెళ్ళాను. డ్రైవరు దారిలో "ముందు ఇది చూడండి" అని బొమ్మలు తయారు చేసే ఒక కార్ఖానాకి తీసుకెళ్ళాడు. కొనమని వెంటపడ్డారు, రెండు గంటలు పోయాయి, మా నాన్నకి మోకాళ్ళ నొప్పి మొదలైంది. మీరు మెట్రో 9వ లైన్‌లో హ్వాచింగ్‌చి స్టేషన్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సు గానీ టాక్సీ గానీ ఎక్కండి. టికెట్లు ముందే పాస్‌పోర్టు నంబరుతో బుక్ చేసుకోవాలి. సెప్టెంబరు చివర్లో రోడ్డు పక్కన దానిమ్మ పళ్ళు అమ్ముతుంటారు. లిన్‌తోంగ్ దానిమ్మకి పెట్టింది పేరు, తప్పకుండా కొనండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. చాలామంది సాయంత్రం పూట వెళ్ళి, ఫౌంటెన్ చూసి, ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు అలా చేయొద్దు. పెద్ద అడవిబాతు గోపురానికి ఒక పూట మొత్తం ఇవ్వండి. మనం చిన్నప్పుడు చదువుకున్న హ్యూయన్‌త్సాంగ్ గోపురం అది. పదహారేళ్ళకు పైగా దేశాలు తిరిగి 645లో ఆయన ఈ ఊరికి తిరిగొచ్చాడు. అప్పట్లో దీని పేరు చాంగాన్. మన దేశం నుంచి తెచ్చిన గ్రంథాలు 657. వాటిని దాచడానికి 652లో ఈ గోపురం కట్టారు. ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్ల ఎత్తు.

మనవాళ్ళకి గుర్తు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన ఆంధ్ర దేశానికి కూడా వచ్చాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు. కొండల్లో తూర్పున, పడమట రెండు ఆరామాలున్నాయని రాసుకున్నాడు. ఆ ఊరు మన అమరావతి, ధరణికోట అని ఎక్కువమంది పండితులు అంటారు, విజయవాడ అన్నవాళ్ళూ ఉన్నారు. ఎటు చూసినా మా ఇంటి నుంచి గంట ప్రయాణం. మా నాన్న రిటైరైన సోషల్ టీచరు. వీపు మీద గొడుగున్న పెద్ద బుట్ట మోసుకుని నడిచే ఆయన బొమ్మని బోర్డు మీద గీసి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు. గోపురానికి దక్షిణాన ఉన్న హ్యూయన్‌త్సాంగ్ విగ్రహం ముందు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. తర్వాత చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు. పక్కనున్న చైనా ముసలాయన అది చూసి, ఏ దేశం అని సైగ చేసి అడిగాడు. "యిందూ" అన్నాను. ఆయన కూడా చేతులు జోడించాడు.

గోపురం అడుగున దక్షిణ ద్వారానికి రెండు పక్కలా రెండు శిలాశాసనాలు ఉంటాయి, జాలీ లోపల. హ్యూయన్‌త్సాంగ్ అనువాదాలకి చక్రవర్తి, ఆయన కొడుకు రాసిన ముందుమాటలు అవి. 653లో చెక్కారు. గోపురం ఎక్కడానికి వేరే టికెట్టు. మెట్లు ఇరుకు, నిటారు, పెద్దవాళ్ళు కిందే కూర్చుంటే నయం. గుడి ఆవరణలో బల్లలున్నాయి.

సాయంత్రం దక్షిణాన ఉన్న దీపాల వీధి చూడాలనిపిస్తే చూడండి. తాంగ్ రాజుల కాలం, అంటే హ్యూయన్‌త్సాంగ్ నాటి, దుస్తులు అద్దెకి వేసుకున్న అమ్మాయిలు, వెలుగులు బాగుంటాయి. కానీ జనం విపరీతం, గంట చాలు.

కోట గోడ మాత్రం వదలకండి. మింగ్ కాలంలో కట్టింది, చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన కారు పోయేంత వెడల్పు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కితే సైకిళ్ళు అద్దెకిస్తారు. మీ ఇద్దరూ తొక్కండి, అమ్మానాన్నల్ని బ్యాటరీ బండి ఎక్కించండి. ఎండ దిగాక మొదలుపెట్టండి, చుట్టు తిరిగేసరికి ద్వారాల మీద దీపాలు వెలుగుతాయి. తెల్లవారి గోడ కింద కందకం పక్క పార్కుకి రండి. అక్కడ పెద్దవాళ్ళు పెద్ద కుంచెని నీళ్ళలో ముంచి నేల మీద అక్షరాలు రాస్తుంటారు. రాసిన వరుస ఆరిపోయేలోపు ఇంకో వరుస. పక్కనే ఇంకొందరు గొంతెత్తి ఆ ప్రాంతపు పాత నాటకం పాటలు పాడుతుంటారు. మన ఊళ్ళో పద్యనాటకం వినే అలవాటున్న మా నాన్నకి భాష తెలియకపోయినా ఆ రాగం తీసే తీరు నచ్చింది.

షాన్‌షీ చరిత్ర మ్యూజియం టికెట్ ఉచితమే, కానీ ముందు రోజుల్లోనే నిమిషాల్లో అయిపోతాయి. దొరక్కపోతే బాధపడకండి, చిన్న అడవిబాతు గోపురం పక్కనున్న నగర మ్యూజియంకి వెళ్ళండి. ప్రశాంతంగా ఉంటుంది, తోట కూడా ఉంది.

ఇక ఇంట్లో ఉండగానే చేసుకోవాల్సినవి. అక్కడ డబ్బు కట్టడానికి వాడే యాప్‌లు అలీపే గానీ వీచాట్ గానీ ఫోన్‌లో వేసుకుని, వీసా లేదా మాస్టర్ కార్డు, పాస్‌పోర్టు వివరాలు ఇక్కడే ఎక్కించండి. ఓటీపీ మన నంబరుకే వస్తుంది, అక్కడికెళ్ళాక సిగ్నల్ లేక అవస్థ పడిన వాళ్ళని చూశాను. పెద్దవాళ్ళ చేతిలో కొంత చిల్లర నోట్లు కూడా ఉంచండి. అక్కడి వైఫైలో గూగుల్, వాట్సాప్ పనిచేయవు, ఇండియా సిమ్ రోమింగ్‌లో పనిచేస్తాయి. హోటల్ గోడ లోపల, గంట గోపురం దగ్గర తీసుకోండి, మెట్రో కిందే ఉంటుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి గది ఇస్తారా అని ముందే అడగండి. సెప్టెంబరులో అక్కడ ముసురు పట్టడం మామూలే, గొడుగులు పెట్టుకోండి. ఎలాగైనా సెప్టెంబరు 30 లోపు ఊరు దాటేయండి. అక్టోబరు 1 నుంచి వాళ్ళకి వారం రోజుల సెలవులు, రైలు టికెట్ దొరకదు, మట్టి సైనికుల దగ్గర నిలబడే చోటు కూడా ఉండదు.

మీ అమ్మానాన్నలు ఉల్లి, వెల్లుల్లి తింటారో లేదో రాయలేదు. తినకపోతే కింద చెప్పండి, కొట్లో చూపించడానికి చైనీస్‌లో రాసి పెడతాను. యోపోలో వెల్లుల్లి, ఉల్లికాడలు పైనే పెడతారు కాబట్టి నూనె పోయకముందు "బు యావ్ స్వాన్, బు యావ్ త్సోంగ్" అంటే తీసేస్తారు.