మా కార్టులు ఎవరో తోసుకుపోతే జరిమానా మాకా?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఒక ఊళ్లో మా ఆయనా నేనూ 14 ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాం. చుట్టూ అపార్టుమెంట్లు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు, కారు లేని విద్యార్థులు బియ్యం బస్తా మోయలేక షాపింగ్ కార్టుతోనే ఇంటిదాకా వెళ్లి, దాన్ని మెట్ల కింద వదిలేస్తారు. ఈ వేసవిలో మా ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. మేము ఆ హడావిడిలో ఉండగా నగరపాలక సంస్థ నాలుగు విడతల్లో మా కార్టులు 11 పట్టుకుపోయి, 550 డాలర్ల జరిమానా, 495 డాలర్ల ఖర్చులు వేసింది. క్షమాపణ ఉత్తరం రాసినా విచారణాధికారి వినలేదు. కట్టాల్సిందేనని 2024 అక్టోబరు 28న ఉత్తర్వు పోస్టు చేశారు. ఎత్తుకుపోయినవాళ్లను వదిలి పోగొట్టుకున్నవాళ్లను శిక్షించడం ఏమి న్యాయం? నోటీసే అందలేదని ప్రమాణపత్రం ఇస్తే సరిపోతుందని మా మేనల్లుడు అంటున్నాడు. ఇవ్వవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో రెండున్నర పేజీలు ఆసుపత్రి గురించే. వాటిని కోర్టు చదవదు, చదివినా లెక్కలోకి తీసుకోదు. మీ కేసును తేల్చేది ఆ నాలుగు పేజీల్లో లేదు. కూడికలు సరిచూడమని జతచేసి పంపిన చిన్న చీటీ ఫొటోలో ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీ ‘ఏమి న్యాయం’ సంగతి. యజమాని వివరాలతో బోర్డు బిగించిన కార్టును దుకాణం ఆవరణ దాటించి తీసుకుపోవడం కాలిఫోర్నియాలో నేరమే. కానీ మీకు బిల్లు వేసిన నిబంధన, అంటే బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 22435.7, కార్టును ఎవరు తోసుకుపోయారని అడగదు. కబురు అందాక యజమాని మూడు పనిదినాల్లో వచ్చి తీసుకున్నాడా లేదా అన్నదే అడుగుతుంది. పక్క అపార్టుమెంటు పెద్దాయన మీద కేసు పెట్టినా మీ బిల్లు ఒక్క డాలరు తగ్గదు.

ఇప్పుడు బిల్లు. కార్టుకు 50 చొప్పున 11 కార్టులకు 550 వేశారు. ఇది తప్పు. జరిమానా కార్టుల లెక్కన కాదు, సందర్భాల లెక్కన వేయాలి. ఒక రోజులో పట్టుకున్న కార్టులన్నీ కలిపి ఒకే సందర్భం. ఆరు నెలల వ్యవధిలో మొదటి మూడు సందర్భాలకు జరిమానా లేదు. మీ బిల్లు నాటి (2024) చట్టం ప్రకారం ఆపై ఒక్కోదానికి 50 డాలర్లు మించకూడదు. మీవి నాలుగు రోజులు: 3, 2, 4, 2 కార్టులు. నగరం చెప్పినదంతా నిజమనుకున్నా జరిమానా 50 డాలర్లే, 550 కాదు. బిల్లు చేతికొచ్చిన రోజున చట్టం ఒక్కసారి చదివి ఉంటే విచారణాధికారి ముందు ఈ మాట మీరే అనేవారు. దానికి బదులు క్షమాపణ రాశారు.

ఆ నాలుగో సందర్భం కూడా లెక్కలోంచి పోతే జరిమానా సున్నా. అందుకే మిగతా మూడింటినీ పక్కన పెట్టి సెప్టెంబరు 9, సోమవారం సంగతే చూద్దాం. మొదటి మూడు సార్లు ముందుగా నోటీసు వచ్చిందనీ, ఈసారి మాత్రం తిన్నగా వచ్చి రెండు కార్టులు ఎత్తుకుపోయారనీ రాశారు. అలా ముందస్తు నోటీసు లేకుండా తీసుకుపోవచ్చు. కాకపోతే రెండు షరతులు. ఒకటి, పట్టుకున్న 24 గంటల్లో యజమానికి గానీ ఆయన తరఫు మనిషికి గానీ కార్టు ఎక్కడుందో వాస్తవంగా తెలియజేయాలి. రెండు, ఆ కబురు అందాక మూడు పనిదినాల్లో యజమాని వస్తే పైసా తీసుకోకుండా అప్పగించాలి. అలా తీసుకున్నది సందర్భంగా కూడా లెక్కకు రాదు.

మీ కౌంటరు దగ్గరి అమ్మాయి సంతకం చేసి నోటీసు తీసుకున్నది 12వ తేదీ, గురువారం. సోమవారం పట్టుకుని గురువారం తెలియజేస్తే అది 24 గంటలు ఎలా అవుతుంది? మొదటి షరతు అక్కడే తప్పింది. పట్టుకున్న కార్టులు ఉంచే నగరం యార్డుకు మీరు వెళ్లింది 16న, సోమవారం. మీ క్షమాపణలో ‘నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాం, మన్నించండి’ అని రాశారు. ఎవరు రాయమన్నారు? శనివారం, ఆదివారం పనిదినాలు కావు. శుక్రవారం ఒకటి, సోమవారం రెండు. గడువుకు ఇంకా ఒక రోజు ఉండగానే వెళ్లి, ఆలస్యమైందని మీ చేత్తో మీరే ఒప్పుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు నగరం ఫైలులో ఉంది. దాన్ని చెరపలేం. తేదీలు చూపించి, లెక్క తప్పుగా వేసుకుని రాశామని చెప్పడమొక్కటే దారి.

యార్డులో ‘ముందు డబ్బు కట్టండి’ అని వట్టి చేతులతో పంపేశారని మీరంటున్నారు. నగరం అలా అనలేదంటుంది. మీ దగ్గర సాక్ష్యం లేదనుకుంటున్నారు, కానీ ఉంది. మీరు పంపిన ఫొటోలోని చీటీ యార్డు గుమాస్తా ఇచ్చినదే. ముందువైపు ‘2 కార్టులు, 90 డాలర్లు’ అని రాసి, సెప్టెంబరు 16 తేదీతో ముద్ర వేశాడు. వెనకవైపు మీ చేతిరాత: మెంతికూర 2 పెట్టెలు, కరివేపాకు, దొండకాయ, సొరకాయ 1 పెట్టె. మీరు గడువులోపలే వెళ్లారనీ, ఉచితంగా ఇవ్వాల్సిన చోట డబ్బు అడిగారనీ ఈ ఒక్క కాగితం చెబుతుంది. నగరమే తిప్పి పంపి, తీసుకోలేదని నగరమే జరిమానా వేయడం కుదరదు.

మేనల్లుడి సలహా మాత్రం దగ్గరికి రానివ్వకండి. నోటీసు అందలేదని ప్రమాణం చేస్తే, సంతకంతో ఉన్న పోస్టు రసీదు నగరం బయటపెడుతుంది. అబద్ధపు ప్రమాణం ఇక్కడ ఘోరనేరం. రెండు, మూడు లేక నాలుగేళ్ల శిక్ష ఉంటుంది. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకైతే దేశంలో ఉండే హక్కుకే ముప్పు రావచ్చు. అదంతా అలా ఉంచినా, మీరు గెలిచేదే 12వ తేదీన నోటీసు అందిందన్న నిజం మీద. అందలేదంటే 24 గంటలు దాటాయని చూపే తేదీ పోతుంది, మూడు పనిదినాల లెక్క మొదలయ్యే రోజూ పోతుంది. గెలిచే కేసును అబద్ధమాడి ఓడిపోతారు.

ఒక ఇబ్బంది ఉంది. సోమవారమే కార్టు మీది నంబరుకు ఫోను చేశామని నగరం చెబుతోంది. ఆ ల్యాండ్‌లైన్ మీరు తీసేయించి రెండేళ్లయింది. కార్టుల మీద మాత్రం అదే నంబరు ఉంది. ఇంత అశ్రద్ధ ఏమిటి? అయితే చట్టం బోర్డు మీద సరైన ఫోను నంబరు ‘గానీ’ చిరునామా ‘గానీ’ ఉండాలంది. మీ చిరునామా సరిగానే ఉంది. పైగా పలకని ఫోను మోగించడం వాస్తవంగా తెలియజేయడం కాదు. న్యాయమూర్తి ఈ విషయం అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పట్టుకున్న కార్టుల ఫొటోలు వాళ్ల దగ్గర ఉన్నాయి. కొత్త స్టిక్కర్లు అంటించి, ఎప్పటినుంచో ఉన్నాయని ఫొటో తీసి చూపే ఆలోచన కూడా వద్దు. దొంగ సాక్ష్యం తయారుచేయడం మరో ఘోరనేరం.

ఇక గడువు. ఇలాంటి ఉత్తర్వు మీద సుపీరియర్ కోర్టులో అప్పీలుకు 20 రోజులే. అక్టోబరు 28 నుంచి లెక్కిస్తే నవంబరు 17. అది ఆదివారం కాబట్టి సోమవారం దాకా ఆగవచ్చని ఎవరైనా చెబుతారు, మీరు ఆగకండి. 11న వెటరన్స్ డే సెలవు. 13, బుధవారం నాటికి దాఖలు చేయండి. రుసుము 25 డాలర్లు. అప్పీలు ప్రతిని నగరానికి స్వయంగా గానీ ఫస్ట్ క్లాస్ పోస్టులో గానీ ఇవ్వాలి. గడువు దాటితే ఆ 1,045 డాలర్లు ఖాయమైనట్టే, తప్పుడు కూడికతో సహా. కోర్టు కేసును మొదటినుంచీ కొత్తగా వింటుంది. కానీ నగరం నోటీసులో రాసినది నిజమేనన్న భావనతో మొదలుపెడుతుంది. కాదని చూపాల్సింది మీరు.

దాఖలు చేశాక, ముందు కాదు, పబ్లిక్ రికార్డుల చట్టం కింద నగరాన్ని నాలుగు అడగండి: సెప్టెంబరు 9 నాటి స్వాధీనపు రిజిస్టరు, సమయంతో ఉన్న ఫొటోలు, పోస్టు రసీదు, కార్టుకు 45 డాలర్ల ఖర్చు ఎలా తేలిందో చూపే లెక్క. ఇస్తారో లేదో పది రోజుల్లో చెప్పాలి. నగరం రాబట్టుకోగలిగేది వాస్తవంగా అయిన ఖర్చునే.

మొదటి మూడు విడతల తొమ్మిది కార్టులకు నోటీసు వచ్చింది, మీరు వెళ్లలేదు. వాటి ఖర్చు 405 డాలర్లు. లెక్క సరిగ్గా చూపిస్తే కట్టేయండి, దాని మీద పోరాడకండి. నాలుగో విడత రెండు కార్టులను ఈపాటికి అమ్మేసి ఉంటే, అమ్మిన తేదీ నుంచి ఆరు నెలల్లో నగరానికి రాతపూర్వకంగా నష్టపరిహారపు క్లెయిము పెట్టాలి. అది లేకుండా తిన్నగా దావాకు వెళితే కొట్టేస్తారు.

ఈ వారమే మిగతా కార్టుల మీద పనిచేసే నంబరు వేయించండి. కార్టులు వెతికి తెచ్చే సంస్థ ఒకదానికి రాతపూర్వక అధికారం ఇవ్వండి. ఆ కాగితం వాళ్ల వాహనంలో లేకపోతే చిక్కు వాళ్లకే.

ఆ చీటీ అసలు కాగితాన్ని కవరులో పెట్టి బీరువాలో దాచండి. ల్యామినేషన్ చేయించకండి, వెనక ఉన్న కూరగాయల జాబితా కొట్టేయకండి. మర్నాటి సరుకు బిల్లులో అవే మెంతికూర, దొండకాయ ఉంటే ఆ బిల్లు కూడా పక్కనే పెట్టండి. ఆ చీటీ ఆ రోజే మీ చేతికొచ్చిందనడానికి అది పనికొస్తుంది.