గోడ మీది మనుషులు

ప్రశ్న: కొత్త ఇంటి హాల్లో సోఫా వెనక గోడకు పెద్ద చిత్రం పెట్టాలనుకుంటున్నాము. తోట వైకుంఠం గారి బొమ్మల్లా మనుషులున్న చిత్రమైతే బాగుంటుందని నా కోరిక. “ముక్కూ మొహం తెలియని వాళ్ల బొమ్మలు మనకెందుకు?” అంటారు మా అత్తగారు. ఒక దుకాణంలో కాన్వాసు మీద ఉన్న బొమ్మను చూపించి, చేత్తో వేసిందేనన్నారు. నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అత్తగారి మాటను తోసిపుచ్చలేము. కొండలూ కొబ్బరితోటలూ ఉన్న బొమ్మను నెల తిరిగేసరికి చూడటమే మానేస్తాము గానీ, మనవైపే చూస్తున్న మనిషి బొమ్మను అలా మరచిపోవడం కష్టం. అందుకని రంగుల కన్నా ముందు బొమ్మలోని మనిషి ఎటు చూస్తున్నదీ గమనించండి. నల్లని మేని ఛాయ, నుదుట పెద్ద బొట్టు, ముదురు ఎరుపు చీరలతో వైకుంఠం గారు చిత్రించిన తెలంగాణ స్త్రీలు చాలా చిత్రాల్లో పక్కకు తిరిగి, తమలో తామే ఏదో మాట్లాడుకుంటున్నట్టు ఉంటారు. అంత గాఢమైన రంగులున్నా వాళ్లు ఇంట్లోవాళ్లను గుచ్చి చూడరు. అయితే ఆ ఎరుపు నిలబడాలంటే వెనక గోడా, సోఫా గుడ్డా నెమ్మదైన రంగులో ఉండాలి.

కొనేముందు ఒకసారి రాజమహేంద్రవరం వెళ్లి, దామెర్ల రామారావు చిత్రశాలను చూసి రండి. వీలైతే మీ అత్తగారిని కూడా తీసుకువెళ్లండి. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన ఆ చిత్రకారుడి బొమ్మల్లో మన ప్రాంతపు స్త్రీలు మెత్తని రంగుల్లో, తొందరలేని భంగిమల్లో కనిపిస్తారు. ఫోన్‌లో చూసిన బొమ్మకూ, ఎదురుగా నిలబడి చూసిన బొమ్మకూ ఎంత తేడా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లన్న మాట బహుశా అక్కడ ఆవిడ నోట రాదు.

ఇక దుకాణదారు మాట. కాన్వాసు మీద ఉన్నంత మాత్రాన చేత్తో వేసినట్టు కాదు. ముద్రించిన బొమ్మ మీద పారదర్శకమైన జిగురు లాంటిది పూసి, కుంచె గీతలు తెప్పించే పద్ధతి ఉంది. బొమ్మను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి: గీతలు చీర మడతనూ చెంప వంపునూ అనుసరించకుండా అడ్డదిడ్డంగా సాగితే అనుమానించాలి. భూతద్దంలో సన్నని చుక్కలు కనిపిస్తే అది ముద్రణే. ముద్రణ అయితే తప్పేమీ లేదు. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించబట్టే కదా, సామాన్యుల ఇళ్లలోకి ఆయన లక్ష్మీ సరస్వతుల పటాలు వచ్చాయి! అచ్చుబొమ్మకు అసలు బొమ్మ ధర అడగటమే తప్పు. చిత్రకారుడు పెన్సిలుతో సంతకం చేసి, 12/100 వంటి సంఖ్య వేసిన సెరిగ్రాఫ్ (సన్నని తెర గుండా ఒక్కో రంగూ అద్ది తీసే అచ్చుబొమ్మ) ఈ రెంటికీ మధ్య మంచి మార్గం. ఆ సంఖ్యకు అర్థం నూరు ప్రతుల్లో పన్నెండవదని.

బొమ్మ వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులుంటే చాలు. సోఫా వీపుకు పదిహేను, ఇరవై సెంటీమీటర్ల పైన దాని కింది అంచు ఉండాలి. మనవాళ్లు సాధారణంగా మరీ పైకి, దేవుడి పటంలా తగిలిస్తారు. మీది సముద్రపు ఊరు కనుక వానకు తడిసే బయటి గోడను వదిలేయండి. తప్పకపోతే ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండుముక్కలు అతికించి గాలి ఆడనివ్వండి. నీటిరంగుల బొమ్మకు అద్దం అవసరం, ఎండ తగలకూడదు.

ప్రశ్న: మా నాన్నగారి పాస్‌పోర్టు ఫొటో చూపించి తైలవర్ణ చిత్రం వేయించవచ్చా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వేయించవచ్చు గానీ, ఆ ఒక్కటే ఇవ్వకండి. ఫ్లాష్ వెలుతురు ముఖంలోని ఎత్తుపల్లాలను చెరిపేస్తుంది. కిటికీ పక్కనో అరుగు మీదో కూర్చున్నప్పుడు తీసిన పాత ఫొటోలు మరో నాలుగు వెతికి ఇవ్వండి. రంగు లోపలిదాకా ఆరటానికి నెలలు పడుతుంది కనుక, వార్నిష్ వెంటనే పూయమని తొందరపెట్టకండి.