కథ అర్థమైనా ఇంగ్లీష్ నోట్లోంచి రాకపోతే

ఎనిమిదో క్లాస్ పిల్లలకి కథ అర్థమవుతోంది కానీ ఇంగ్లీష్‌లో ఒక్క వాక్యం చెప్పమంటే నోరు విప్పట్లేదు అన్నారు కదా, లైన్ లైన్‌కీ మీరు తెలుగు అర్థం చెప్పేయడమే కారణం అయ్యుంటుంది, వాళ్ళు వినేది తెలుగే. దాని బదులు ఇలా చేసి చూడండి.

1. పేజీ మించని కథ తీసుకోండి, వాళ్ళకి ముందే తెలిసిందైతే మేలు, దాహమేసిన కాకి లాంటిది.

2. పిచర్ (కూజా), పెబుల్ (గులకరాయి) లాంటి మాటలు ముందే బోర్డు మీద బొమ్మేసి చూపించి, తర్వాత ఆపకుండా చదవండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. పుస్తకాలు మూయించి, ఇద్దరిద్దర్నీ కూర్చోబెట్టి ఒకరికొకరు కథ చెప్పుకోమనండి. "క్రో సీ పాట్, వాటర్ డౌన్" అన్నా మధ్యలో దిద్దొద్దు ప్లీజ్, అక్కడ ఆపితే ఆ పిల్ల మళ్ళీ నోరెత్తదు. అయ్యాక "ద క్రో సా ఎ పాట్" అని బోర్డు మీద రాసి, జతలు మార్చి అదే కథ మళ్ళీ చెప్పించండి.