శాన్ రామోన్‌లో రోజూ కంపిస్తోంది, పెద్దది రాబోతోందా? 2015లో ఇక్కడే ఉన్నదాన్ని, నాకు తెలిసింది చెప్తాను

మీరు ముఖ్యంగా అడిగినవి మూడు. కొత్తగా కాలిఫోర్నియాలోని శాన్ రామోన్‌కి మారాం, రెండు వారాలుగా చిన్న చిన్న భూకంపాలు వస్తూనే ఉన్నాయి, ఇవి పెద్దదానికి సూచనా? చిన్నవి వస్తుంటే లోపలి ఒత్తిడి తగ్గుతుందని ఆఫీసులో అంటున్నారు, నిజమా? ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, ఆవిడకి ఏం చెప్పాలి? నాకు బాగా అనుభవమైంది ఆ మూడోదే. కానీ మొదటి రెండూ తేలకుండా దాని జోలికి పోలేం.

2015 అక్టోబరులో మేం శాన్ రామోన్‌లోనే ఒక అద్దె టౌన్‌హోమ్‌లో ఉన్నాం. పాపకి రెండు నెలలు. పురిటికని అమ్మ వచ్చి ఉంది. పాపకి పాలు పడుతుంటే పక్కింటివాళ్ళు గోడని భుజంతో గుద్దినట్టు ‘దబ్’మని చప్పుడైంది. వెంటనే వంటింట్లో స్టాండు మీద స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. మొత్తం రెండు సెకన్లు. లారీ ఏదో పోయిందనుకున్నాను. గంటలో ఇంకోటి వచ్చింది. దగ్గర్లో పుట్టిన చిన్న భూకంపం అలాగే ఉంటుంది, ఊపు ఉండదు, ఒక్క కుదుపు. ఎక్కడో దూరంగా పెద్దది వస్తే ఇల్లు పడవలా మెల్లగా ఊగుతుంది. ఈ తేడా మీకూ ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

అలా నెలకు పైగా సాగింది. లెక్కకు వచ్చినవి వందల్లో ఉంటే, జనానికి తెలిసేంతవి 90 దాకా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది 3.6 మాగ్నిట్యూడ్ (భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకె). ఇలాంటి వరసని ఇక్కడ స్వార్మ్ అంటారు. మామూలుగా అయితే ముందు ఒక పెద్ద భూకంపం వచ్చి, దాని వెనక చిన్నవి రోజురోజుకీ తగ్గుతూ వస్తాయి. స్వార్మ్‌లో అలా పెద్దన్న ఎవరూ ఉండరు. ఇవాళ 2.8, రేపు 3.1, ఎల్లుండి మళ్ళీ 2.5. ఒకరోజు బొత్తిగా ఉండవు, అయిపోయిందిలే అనుకుంటే మర్నాడు ఆరేడు. మనిషిని అలసగొట్టేది ఆ తీరూ తెన్నూ లేకపోవడమే.

ఇక్కడే ఎందుకు అంటే, మీ ఊరి పక్కనుంచి పోయే కాలవెరాస్ ఫాల్ట్ (నేల లోపల రాయి తెగి జారే పగులు) దక్షిణాన హోలిస్టర్ వైపు నుంచి వచ్చి, ఉత్తరాన డాన్‌విల్, అలమో ప్రాంతంలో ముగిసిపోతుంది. అక్కడి నుంచి ఆ కదలిక తూర్పు పక్కనున్న కాంకర్డ్ ఫాల్ట్ మీదికి మళ్ళుతుంది. మళ్ళే చోట రాయి ఒక్క గీత మీద తెగి ఉండదు, చిన్న చిన్న పగుళ్ళుగా చీలి ఉంటుంది. లోతున ఉన్న నీళ్ళు ఒత్తిడితో ఆ పగుళ్ళలోకి పాకితే, రాయి పట్టు సడలి ఒకదాని తర్వాత ఒకటి జారతాయి. 2015 నాటి స్వార్మ్‌ని తర్వాత తరచి చూసిన పరిశోధకులు కూడా ఒక పెద్ద ఫాల్ట్ కాకుండా పక్కపక్కనే ఉన్న చిన్న ఫాల్ట్‌లు కదిలాయనీ, వాటిని కదిలించినదాంట్లో ద్రవాల పాత్ర ఉందనీ తేల్చారు.

ఈ చుట్టుపక్కల 1970లో, 1976లో, 1990లో, 2002లో, 2003లో ఇలాగే వచ్చాయి. 2015 మేం చూశాం, 2018లో మళ్ళీ చూశాం. వీటిలో ఏదీ పెద్ద భూకంపానికి దారితీయలేదు. ఈ చరిత్ర తెలిశాక నాకు కొంత ఊపిరి ఆడింది.

అయితే ఇక్కడితో ఆపి ‘ఏం కాదు’ అని చెప్పేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. జపాన్‌లో నోటో ద్వీపకల్పం ఉంది. అక్కడ 2020 చివర్లో స్వార్మ్ మొదలైంది, మూడేళ్ళు సాగింది, జనం అలవాటు పడ్డారు. 2024 జనవరి 1న 7.5 భూకంపం వచ్చింది. ఇటలీలో లాక్విలా ఊరిదీ ఇంచుమించు ఇదే కథ. నెలల తరబడి చిన్నవి వచ్చాయి, కంగారు పడొద్దని ఊళ్ళోవాళ్ళకి ధైర్యం చెప్పారు. 2009 ఏప్రిల్ 6న తెల్లవారుజామున 6.3 వచ్చింది, మూడు వందల మందికి పైగా పోయారు. అలా ధైర్యం చెప్పిన తీరు మీద కోర్టులో కేసు నడిచింది. కింది కోర్టు ఆరుగురు శాస్త్రవేత్తలకీ ఒక అధికారికీ శిక్ష వేస్తే, శాస్త్రవేత్తల మీద శిక్షని పై కోర్టు 2014లో కొట్టేసింది.

అందుకని అంకె చెప్తాను. కాలిఫోర్నియాలో ఒక భూకంపం వస్తే, కొద్ది రోజుల్లో అక్కడే అంతకన్నా పెద్దది వచ్చే అవకాశం నూటికి అయిదు దాకా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అదీ తగ్గిపోతుంది. ‘పెద్దది’ అంటే 3.0 తర్వాత 3.3 కూడా కావచ్చు. అన్నీ కూలిపోయేంతది వచ్చే అవకాశం అందులోనూ చాలా చిన్న వంతు. కానీ సున్నా కాదు.

ఇక మీ ఆఫీసులో చెప్పిన మాట. ఇది ఎన్నిసార్లు విన్నానో. మాగ్నిట్యూడ్ ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 3 నుంచి 7కి నాలుగు మెట్లు. 32ని నాలుగు సార్లు వేసుకుని గుణించండి, పది లక్షలు దాటుతుంది. 7 భూకంపంలో ఉండే శక్తి చిన్నవాటితో ఖర్చయిపోవాలంటే 3 సైజువి పది లక్షలు రావాలి. మాకు నెల రోజుల్లో వచ్చినవాటిలో 3 దాటినవి కొన్నే. కడివెడు నీళ్ళలోంచి చెంచాతో తోడినట్టు కూడా కాదు. ఒత్తిడి తగ్గిందని ఎవరైనా నిశ్చింతగా కూర్చుంటే అది తప్పుడు నిశ్చింత.

అసలు పెద్దది వస్తుందా అంటే, ఎప్పుడో ఒకప్పుడు బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మనం ఉండే ప్రాంతంలో, వస్తుంది. 2014 నుంచి 2043 లోపు 6.7గానీ అంతకన్నా పెద్దదిగానీ ఒక్కటైనా వచ్చే అవకాశం నూటికి 72 అని యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ) లెక్క. స్వార్మ్ వచ్చినా రాకపోయినా ఆ లెక్క ఉండేదే. బే ఏరియాలోనే ఉన్న హేవర్డ్ ఫాల్ట్ మీద చివరి పెద్ద భూకంపం 1868లో వచ్చింది. మనం ఇల్లు తీసుకునేటప్పుడు స్కూళ్ళ రేటింగులు చూసుకున్నంత శ్రద్ధగా ఇది చూసుకోం.

అత్తయ్యగారి సంగతికి వస్తాను.

మా అమ్మ తనతో తెచ్చిన తంజావూరు వేంకటేశ్వరస్వామి పటాన్ని పాప తొట్టికి సరిగ్గా పైన గోడకి తగిలించింది. టేకు ఫ్రేము, ముందు అద్దం, అయిదారు కిలోలు ఉంటుంది. బిడ్డకి కాపుగా ఉంటుందని. స్వార్మ్ మొదలయ్యాక రోజూ పొద్దున చూస్తే ఆ పటం కొంచెం ఎడమకి వాలి ఉండేది. అమ్మ స్నానం చేసి వచ్చి రెండు వేళ్ళతో దాన్ని సరిచేసి దణ్ణం పెట్టుకునేది. రోజూ చూస్తున్నాను. అది పడితే ఎక్కడ పడుతుందో నాకు తట్టనే లేదు. వారం పైనే అలా గడిచింది. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

అమ్మకి నేను రోజుకి పదిసార్లు ‘ఏం కాదమ్మా, ఇక్కడ ఇవి మామూలే’ అనేదాన్ని. తను పగలంతా సరేననేది, రాత్రి మెయిన్ డోరు గొళ్ళెం తీసిపెట్టి సోఫాలో కూర్చునేది. ఒకరోజు గట్టిగా అడిగింది, ‘ఏం కాదని నీకెవరు చెప్పారే?’ అని. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు తనే చెప్పింది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున లాతూరు భూకంపం వచ్చినప్పుడు మేం జహీరాబాద్‌లో ఉండేవాళ్ళం. నన్ను దుప్పటితో సహా ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తిందట. ఆ భూకంపంలో దాదాపు పది వేల మంది పోయారు. మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ళ మీద కూలాయి. తలుపు తీసి కూర్చోవడం వెనక ఇంత ఉంది. దాన్ని నేను ‘ఏం కాదు’ అని కొట్టిపారేస్తున్నాను.

ఆ రాత్రి, పైన రాసినవాటిలో అప్పటికి నాకు తెలిసినవన్నీ అమ్మకి చెప్పాను. ఇటలీ సంగతి ఒక్కటి చెప్పలేదు. ఇక్కడి ఇళ్ళు చెక్క ఫ్రేముతో కట్టినవనీ, ఊగుతాయి, కిర్రుమంటాయి గానీ రాతి గోడల్లా ఒక్కసారిగా మీద పడవనీ, ఇలాంటి ఇంట్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా పడే వస్తువుల వల్లా, అదిరే నేల మీద పరిగెత్తడం వల్లా అనీ చెప్పాను. ద్వారబంధం కింద నిలబడాలనడం కూడా పాత మాటే. వంగి బల్ల కింద దూరి, దాని కాలు పట్టుకుని, అదురు ఆగేదాకా ఉండాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బల్ల కింద దూరలేదు. మంచం మీద ఉంటే దిగకుండా బోర్లా పడుకుని దిండుతో తలా మెడా కప్పుకోవాలి, కుర్చీలో ఉంటే ముందుకు వంగి చేతులతో తల కాపాడుకోవాలి. రెండూ చేయించి చూపించాను. మీ అత్తయ్యగారి చేత ఇవాళే ఒకసారి చేయించండి. చెయ్యడానికి ఒక పని ఉందని తెలిశాక అమ్మ ముఖమే మారింది.

ఆ తర్వాత తనే పాప గదిలోకి వెళ్ళి పటం వైపు చూసి, నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ‘స్వామి పక్కన ఉంటే చాలు, పైన ఉండక్కర్లేదు’ అంటూ తనే దించి హాల్లో కింది అలమరలో పెట్టింది.

మర్నాడు ఇల్లంతా అదే కంటితో చూసుకున్నాం. మీరూ ముందు పడక గదులు చూడండి, రోజులో మూడో వంతు అక్కడే ఉంటాం. మంచం తలవైపు పైన ఏమీ ఉండకూడదు. పుస్తకాల బీరువా, డ్రాయర్లు, టీవీ స్ట్రాపులతో గోడ లోపలి చెక్క నిట్రాడుకి బిగించాలి, ఉత్త జిప్సం బోర్డుకి బిగిస్తే ఊడొస్తాయి. అద్దె ఇల్లయితే ఓనరుకి మెయిల్ పెట్టండి, మా ఓనరు ఒక్కమాట కూడా అనలేదు. వాటర్ హీటర్‌కి పట్టీలు ఉన్నాయో లేవో చూడండి, ఈ రాష్ట్రంలో అది చట్టప్రకారం ఉండాల్సిందే. గ్యాస్ వాల్వు ఎక్కడుందో, పానా ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి. కానీ వాసనగానీ బుస్సుమనే చప్పుడుగానీ ఉంటేనే కట్టేయండి. ఒకసారి కట్టాక మళ్ళీ తెరవాల్సింది గ్యాస్ కంపెనీవాళ్ళే, పెద్ద భూకంపం తర్వాత వాళ్ళు మీ ఇంటికి రావడానికి రోజులు పట్టొచ్చు. నీళ్ళు మనిషికి రోజుకి ఒక గాలన్ చొప్పున కనీసం మూడు రోజులకి ఉంచుకోండి. అత్తయ్యగారి బీపీ, షుగరు మందులు ఇండియా నుంచి తెచ్చుకున్నవే అయితే అవి అన్నిటికన్నా ముందు.

భూకంపం అదురు చేరేలోపు ఫోనులో హెచ్చరించే మైషేక్ యాప్ పెట్టుకున్నా మోగలేదని రాశారు. అది చెడిపోలేదు. 4.5 దాటి, మీ చోట అదురు తెలిసేంత ఉంటేనే ఫోను మోగుతుంది. పైగా భూకంపం సరిగ్గా మీ కిందే పుడితే హెచ్చరిక చేరేలోపే అదురు చేరిపోతుంది. అయినా తీసేయకండి. హేవర్డ్ ఫాల్ట్ మీద దూరంగా ఎక్కడో మొదలైతే ఆ కొన్ని సెకన్లు పనికొస్తాయి.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో భూకంపం నష్టం రాదు, విడిగా తీసుకోవాలి. డిడక్టిబుల్ (నష్టం జరిగితే ముందు మనమే భరించాల్సిన మొత్తం) 5 నుంచి 25 శాతం దాకా ఉంటుంది, అది చదివాకే సంతకం పెట్టండి.

కొన్నాళ్ళు వేరే ఊరికి పోదామా అని చివర్లో అడిగారు. స్వార్మ్ ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి తిరిగొచ్చే తేదీ ఉండదు. మేం పోలేదు. కానీ ఆవిడకి నిద్ర పట్టక ఆరోగ్యం పాడవుతోంటే ఒక వారం బంధువుల ఇంటికి పంపడంలో తప్పేమీ లేదు.

ఇంకొకటి. పెద్ద అదురు తర్వాత చీకట్లో మంచం దిగితే కాళ్ళ కింద గాజు పెంకులుంటాయని అమ్మకి చెప్పాను. ఒక గుడ్డ సంచిలో తన చెప్పులూ టార్చిలైటూ వేసి, మంచం కోడుకి లంగా బొందుతో రెండు ముళ్ళు వేసి కట్టింది. జరిగిపోకుండా. తర్వాత మేం సొంత ఇంటికి మారినప్పుడు ఆ మంచం మాతోనే వచ్చింది, సంచి దాని కోడుకే ఉంది. బ్యాటరీలు ఏడాదికోసారి మారుస్తాను, అమ్మ వచ్చినప్పుడల్లా ముందు వంగి ఆ ముడి చూస్తుంది.